ఎనిమిది సెకన్ల చీకటి

ఈ దేశంలో మనవాళ్ల మధ్య లాటరీ అన్నామంటే వీసా గురించే అనుకుంటారు. మేం మూడేళ్లుగా ఇంకో లాటరీ కూడా వేస్తున్నాం, మిణుగురు పురుగుల్ని చూడ్డానికి. నవ్వకండి. టెనెసీలో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్ లోపల ఎల్క్‌మాంట్ అని ఒక చోటుంది. ఏటా మే ఆఖర్లోనో జూన్‌లోనో ఓ ఎనిమిది రాత్రులు అక్కడికి కార్లను లెక్కపెట్టి వదులుతారు. ఎవరిని వదలాలో లాటరీ తీసి చెబుతారు. అప్లికేషన్‌కి ఒక డాలరు. రెండేళ్లు ఆ డాలరు పోయింది, ఈసారి తగిలింది. "హెచ్‌వన్ కూడా మూడోసారికే కదా వచ్చింది" అంది మా ఆవిడ.

అట్లాంటా నుంచి నాలుగు గంటలు. పులిహోర, పెరుగన్నం దారిలోనే ఖాళీ చేశాం. ఎలుగుబంట్లు తిరిగే అడవి, తిండి వాసన ఉండకూడదు. టార్చ్ మీద ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టి రబ్బర్ బ్యాండ్ వేశాం. నడిచేటప్పుడు మాత్రమే, అదీ నేల మీదకే వెయ్యాలి. కూర్చున్నాక ఆపెయ్యాలి. మా ఆరేళ్ల అమ్మాయికి ఈ రూల్సన్నీ కంఠతా వచ్చేశాయి. నాకే రాలేదని తర్వాత తెలిసింది.

ఎల్క్‌మాంట్ ఒకప్పుడు కలప కొట్టే ఊరు. ఆ తర్వాత డబ్బున్నవాళ్ల వేసవి విడిది. ఇప్పుడు కొన్ని పాత ఇళ్లు, ఇళ్లు పోయి మిగిలిన రాతి పొగగొట్టాలు ఉన్నాయి. ఇక్కడి మిణుగురులు అన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోతాయని ఆ విడిది ఇళ్లవాళ్లకి ఎప్పుడో తెలుసు. అమెరికాలో అలాంటివి లేవని శాస్త్రవేత్తలు అనుకుంటున్న రోజుల్లో, అంటే 1990లలో, ఆ కుటుంబాల్లోని లిన్ ఫాస్ట్ అనే ఆవిడ ఉన్నాయని వాళ్లకి ఉత్తరం రాసింది. వాళ్లొచ్చి చూసి ఒప్పుకున్నారు.

బాట పక్కన దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. తొమ్మిదిన్నర దాటేదాకా ఏమీ లేదు. అక్కడొకటి, ఇక్కడొకటి. మా ఊళ్లో చూసినవే, ఇందుకా నాలుగు గంటలు వచ్చామనుకున్నాను. ఇంతలో అడవి మొత్తం టకటకా వెలిగింది. ఐదో ఆరో మెరుపులు, వేలకొద్దీ, ఒకే వరసలో. ఆ వెంటనే ఎవరో మెయిన్ ఆపేసినట్టు చీకటి. పక్కన కూర్చున్న పిల్ల కూడా కనబడలేదు. నేను లోపల లెక్కపెట్టాను, ఎనిమిది. మళ్లీ వెలిగింది.

ఎగిరేవన్నీ మగవి. ఆడవి కింద ఆకుల మీద కూర్చుని ఉంటాయి. మగవాటి మెరుపులు ఆగాక, ఆ ఎనిమిది సెకన్ల చీకట్లో, సన్నగా వెలిగి జవాబిస్తాయి. జవాబు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ మగది దిగాలి. ఒకటి రెండేళ్లు మట్టిలో పురుగులా బతికి, రెక్కలొచ్చాక ఉండేది మూడు నాలుగు వారాలు. ఆ కాస్త రోజుల్లోనే ఈ పని జరగాలి.

"వాటికి ఆపమని ఎవరు చెప్తారు డాడీ?" అనడిగింది మా అమ్మాయి. ఎవరూ చెప్పరు. పక్కదాన్ని చూసి ఇది, దీన్ని చూసి ఇంకోటి. ఇక్కడే కొందరు పరిశోధకులు ఒక్క మిణుగురుని టెంటులో పెట్టి చూస్తే, అది వరసంటూ లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు వెలిగిందట. పదిహేను, ఇరవై చేరేసరికి వరస కలిసిందట. ఆఫీసులో నాలుగు సర్వర్ల గడియారాలు కలిపి ఉంచడానికి మేం పడే పాట్లు గుర్తొచ్చాయి.

సరిగ్గా పదింబావుకి నా చొక్కా జేబు వెలిగింది. మోగింది కూడా. అక్కడ సిగ్నల్ లేదు కాబట్టి ఫోన్ గురించి ఆలోచించలేదు. అలారానికి సిగ్నల్‌తో పనేముంది? ప్రతి శనివారం ఆ టైముకి నాన్నకి ఫోన్ చెయ్యమని నేను పెట్టుకున్నదే. కంగార్లో దాన్ని బయటికి తీశాను, ఇంకా పెద్ద వెలుగు. చుట్టూ జనం ఉస్సురన్నారు. మా అమ్మాయి రెండు చేతులూ దాని మీద మూసింది. ఆ తర్వాత మా ఎదుటి పొదల మీద రెండు వంతులు మెరుపులు కనబడలేదు. అవి ఆగాయో, నా కళ్లే చెదిరాయో చెప్పలేను.

ఆ చెదిరిన కళ్లతో కూర్చున్నప్పుడు మా చెరువు గట్టు గుర్తొచ్చింది.

మాది ఏలూరు దగ్గర ఊరు. తొలకరి పడితే గట్టు మీద తుమ్మచెట్లు మిణుగురులతో నిండిపోయేవి. 2018లో అదే గట్టు మీద, పొలం నుంచి వస్తూ, మా పెదనాన్న కట్లపాము కరిచి పోయాడు. ఏం కరిచిందో చీకట్లో చూసుకోలేదు, ముల్లనుకుని ఇంటికొచ్చి పడుకున్నాడు. మరుసటేడు బయట దేశాల్లో ఉన్న ఊరివాళ్లం వాట్సాప్ గ్రూపులో డబ్బులు పోగేసి గట్టు పొడవునా పన్నెండు ఎల్‌ఈడీ లైట్లు వేయించాం. అందులో రెండు నావి. ఆ ఫొటోకి వచ్చినన్ని లైకులు నా పెళ్లి ఫొటోకి కూడా రాలేదు.

మర్నాడు గాట్లిన్‌బర్గ్ హోటల్ పార్కింగ్‌లోంచి నాన్నకి ఫోన్ చేశాను.

"రాత్రి చెయ్యలేదేరా?"

"మిణుగురుల్ని చూడ్డానికెళ్లాం నాన్నా."

"డబ్బులిచ్చా?"

"ఇచ్చే. మన గట్టు మీద వస్తున్నాయా ఇప్పుడు?"

కాసేపు మాట్లాడలేదు. "ఆ లైట్లు పడ్డాక ఎక్కడివిరా? ఆ చివర లైటు రెండు నెలలుగా వెలగట్లేదు. మొన్నటి వానకి అక్కడో రెండు మూడు కనబడ్డాయని మీ అత్త అంది. బాగు చేయించమని పంచాయితీలో చెప్పాలనుకుంటున్నా. చెప్పనా, వద్దా?"

వెంటనే ఏమీ అనలేకపోయాను. అత్త పాలకేంద్రానికి వెళ్లేది తెల్లారుజామున, ఆ గట్టు మీదుగానే.

ఆదివారం రాత్రి ఇంటికొచ్చాక గ్రూపులో రాశాను. పది దాటాక నాలుగింటి వరకు లైట్లు ఆరిపోయేలా టైమర్ పెట్టిద్దాం, ఖర్చు నేనిస్తాను, కనీసం వానలు మొదలైన ఈ రెండు నెలలు అని. దుబాయ్ నుంచి ఒకరు, డల్లాస్ నుంచి ఒకరు బొటనవేలు పెట్టారు. పెదనాన్న కొడుకు ఊళ్లోనే ఉంటాడు, రాత్రిపూట చేలకి నీళ్లు పెట్టడానికి వెళ్లేది వాడే. వాడు ఒకే ఒక్క మాట రాశాడు: "పదకొండింటికి మోటారు వెయ్యడానికి నువ్వొస్తావా అన్నయ్యా?"

వారం దాటింది. ఇంకా ఏమీ రాయలేదు నేను.