ఓడ మీద చోటు

కొలంబియా విశ్వవిద్యాలయంలో మారిస్ యూయింగ్ నడిపే ప్రయోగశాలలో 1948లో చేరేనాటికి మేరీ థార్ప్‌కు భూగర్భశాస్త్రంలోనూ గణితంలోనూ పట్టాలున్నాయి. పరిశోధక ఓడ ఎక్కే అనుమతి మాత్రం లేదు. ఓడ మీద ఆడవాళ్లకు చోటు లేదన్నది అప్పటి రివాజు. సహచరుడు బ్రూస్ హీజెన్ అట్లాంటిక్ మీదికి వెళ్లి, ప్రతిధ్వని యంత్రాలు నమోదు చేసిన లోతుల అంకెలు తెచ్చేవాడు. ఆమె ఒడ్డున బల్ల ముందు కూర్చుని వాటిని గీతలుగా మార్చేది.

ఉత్తర అట్లాంటిక్‌ను అడ్డంగా కోసినట్టు ఆరు రేఖాచిత్రాలు గీసి, ఒకదాని కింద ఒకటి పేర్చి చూసింది. సముద్రం నడుమ పర్వతశ్రేణి ఉందని అప్పటికే తెలుసు. కొత్తగా కనిపించింది ఆ శిఖరాల మధ్య లోతుగా చీలిన లోయ. ఆరు గీతల్లోనూ అది దాదాపు ఒకే వరుసలో పడింది. నేల అక్కడ పగిలి విడిపోతోందంటే ఖండాలు కదులుతున్నట్టే. ఆ మాటెత్తితేనే అమెరికన్ శాస్త్రవేత్తలు నవ్వే రోజులవి. హీజెన్ మొదట దాన్ని ఆడపిల్లల కబుర్లని కొట్టిపారేశాడు. అదే ప్రయోగశాలలో హోవార్డ్ ఫాస్టర్ విడిగా గుర్తిస్తున్న సముద్ర భూకంప కేంద్రాలు ఆ లోయ వెంటే బారులు తీరాకే హీజెన్ ఒప్పుకున్నాడు. ఆ లోయ సంగతి 1956లో లోకానికి ప్రకటించినప్పుడు ముందు నిలిచిన పేర్లు యూయింగ్, హీజెన్‌లవి. థార్ప్ తొలిసారి పరిశోధక ఓడ ఎక్కింది 1968లో. యావత్ సముద్రగర్భాన్ని చూపించే ఆమె, హీజెన్‌ల పటం 1977లో వెలువడింది.

ఒడ్డున ఉండిపోవడం వల్లే ఆమెకు అంత ఓపికగా చూసే వీలు దొరికిందని కొందరు అంటారు. నాకు ఆ ఓదార్పు నచ్చదు. ఎక్కడ ఆగాలి, ఏ దారిన కొలతలు తీయాలి అన్న నిర్ణయాలు ఓడ మీదే జరుగుతాయి. అక్కడ లేని మనిషి ఎంత గొప్పగా గీసినా, ఇంకొకరు వేసిన ప్రశ్నకే జవాబు రాయాలి. థార్ప్ విషయంలో జరిగిన అన్యాయం పేరు దక్కకపోవడం ఒక్కటే కాదు. తన ప్రశ్నను తానే సముద్రం దగ్గరికి తీసుకెళ్లే హక్కు ఆమెకు ఇరవై ఏళ్లపాటు లేకపోయింది.

సముద్ర విజ్ఞానంలో ఆడవాళ్ల మిగతా చరిత్రా ఈ ఓడ మెట్ల దగ్గరే తచ్చాడుతుంది. 1964లో హిందూ మహాసముద్ర అంతర్జాతీయ యాత్రలో సముద్ర జీవశాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ ఆంటన్ బ్రూన్ నౌక ఎక్కితే, మొంబాసా పత్రికకు ఆమె చదువుతున్న సముద్రపు నాచుకన్నా, ఓడలో డెబ్బై మంది మగవాళ్లున్నారన్నదే వార్త అయింది. ఆ యాత్ర ఫలితంగానే ఇప్పుడు గోవా కేంద్రంగా ఉన్న మన జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1966లో పుట్టింది. అక్కడ పనిచేసిన అదితి పంత్, భూగర్భశాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా 1983 డిసెంబరులో మూడో భారత యాత్రతో అంటార్కిటికాకు బయలుదేరారు. అక్కడ అడుగుపెట్టిన తొలి భారతీయ మహిళా శాస్త్రవేత్తలు వాళ్లే.

సముద్ర విజ్ఞాన పరిశోధకుల్లో మహిళలు సగటున 38 శాతమని యునెస్కో 2017 నివేదిక చెప్పింది. మొత్తం శాస్త్ర రంగాల సగటుకన్నా ఇది మెరుగే. కానీ ఈ అంకె ఉద్యోగాలను లెక్కపెడుతుంది, ఓడ మీది రోజులను కాదు. యాత్రకు నాయకత్వం ఎవరిది, వారాల తరబడి సముద్రంలో ఉండే తల్లి వెనుక ఇల్లు ఎవరు చూసుకుంటారు, ఓడలో వేధింపు ఎదురైతే తీరం చేరేలోపు ఎవరితో చెప్పుకోవాలి అన్నవి అందులో కనబడవు. మన ప్రభుత్వ పరిశోధక నౌకల్లో ప్రతి యాత్రకూ స్త్రీ పురుషులు గడిపిన రోజులను, నాయకుల పేర్లను ఏటా ప్రకటించాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

సముద్ర విజ్ఞానం నుంచి సముద్ర సంరక్షణకు వస్తే సంగతి ఇంకా లోతైనది. మన్నార్ సింధుశాఖలో పాంబన్ దగ్గరి మహిళలు తరతరాలుగా నీటిలో మునిగి నాచు కోస్తున్నారు. చుట్టూ ఉన్న 21 దీవులు 1986లో జాతీయ ఉద్యానమయ్యాక వాళ్లు అటవీ శాఖ కళ్లకు చొరబాటుదార్లయ్యారు. నాచు మళ్లీ పెరిగేందుకు వ్యవధి ఉండాలని నెలలో సగానికిపైగా రోజులు కోత మానుకునే కట్టుబాటు పెట్టుకున్నదీ ఆ మహిళలే. వాళ్ల హక్కుల కోసం నిలబడిన చిన్నపాలం లక్ష్మికి 2015లో, దీవుల సంరక్షణకు ఇచ్చే సీకాలజీ పురస్కారం వచ్చింది. ఉద్యానం హద్దులు గీసేముందే వాళ్లను అడిగి ఉంటే అంత పోరాటం అవసరమయ్యేది కాదు.

ఇక మన తీరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పుతీరంలో మరపడవల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలమని ఈ విరామం. ఆ నిబంధనను నేను సమర్థిస్తాను. ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ కాలపు భృతి మాత్రం పడవ ఎక్కి వేటాడే వాళ్లకు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలంలో కొని గంపనెత్తుకునే ఆమెకూ, ఇసుక మీద కవళ్లు ఆరబెట్టే ఆమెకూ అదే రెండు నెలలు పని ఉండదు. అయినా వాళ్లు లెక్కలోకి రారు. సముద్రంతో ఎవరికి సంబంధం ఉందో తేల్చడానికి ఇక్కడా కొలబద్ద ఓడ ఎక్కడమే. ఏటికేడు వంజరం ఎంత చిన్నదవుతోందో, ఏ నెలలో ఏ చేప రావడం మానేసిందో రోజూ చేత్తో ఎత్తి, తూచి, బేరమాడే వాళ్లకు తెలుస్తుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహాల సాయంతో సముద్రపు వేడినీ, నీటి పచ్చదనాన్నీ చూసి చేపలు దొరికే చోట్లను పడవలకు చెబుతోంది. ఒడ్డుకొచ్చిన చేప చెప్పే సంగతి ఆ మహిళల దగ్గర ఉంది. నిషేధ తేదీలు, వలకన్ను పరిమాణం తేల్చే సమావేశాల్లో వాళ్లకు కుర్చీ, భృతి జాబితాలో వాళ్లకు పేరు, వచ్చే ఏప్రిల్ 15లోపే ఇవ్వాలి.