అలుగు బతకాలంటే గుట్ట మిగలాలి

చీకటి పడ్డాక బొరియ వదిలి వచ్చి, ముందుకాళ్ల గోళ్లతో చెదలపుట్టను తవ్వి, జిగట నాలుకను లోపలికి జొనిపి కడుపు నింపుకుంటుంది అలుగు. దానికి పళ్లుండవు. మేతతో పాటు మింగిన చిన్న రాళ్లే చెదలను, చీమలను కడుపులో నూరిపెడతాయి. చెదలతో వేగే జగిత్యాల మామిడి రైతుకు ఇది పైసా ఖర్చు లేని సాయం.

పులి ఎదురైతే అలుగు తలను పొట్టలోకి ముడిచి, తోక చుట్టేసి ముద్దగా మారిపోతుంది. పదునైన పొలుసులు పులి పంటిని లోపలికి దిగనీయవు. మనిషి ముందు మాత్రం ఆ ఉపాయమే దాని ప్రాణం తీస్తుంది. ముడుచుకున్న అలుగును ఎత్తి సంచిలో వేసుకోవడం ఎంతసేపు?

ఆ పొలుసుల్లో ఉన్నది మన గోళ్లలో ఉండే కెరాటినే. మందుగా పనిచేస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. అయినా ఆగ్నేయాసియా వర్షారణ్యాల్లో అలుగులు తరిగిపోయేదాకా వేట ఆగలేదు. ఆ తర్వాత స్మగ్లర్ల కన్ను ఆఫ్రికా, భారత్‌ల మీద పడింది. 2019 ఏప్రిల్‌లో సింగపూర్‌లో వారం తిరగకముందే రెండు దఫాలుగా పట్టుబడ్డ పొలుసులు 25 టన్నులకు పైమాటే.

మన చట్టం అలుగును పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. వేటాడితే కనీసం మూడేళ్ల జైలు. చట్టం సరే, మరి చోటు?

అలుగు కవ్వాల్ లాంటి అభయారణ్యాల హద్దులు చూసుకుని బతికే జంతువు కాదు. పొదలు, రాళ్లు, పుట్టలున్న గుట్ట దొరికితే చాలు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల మిగిలిన గుట్టల విలువ అందుకే పెద్దది. గ్రానైట్ కోసం గుట్టను తొలిచేస్తే బొరియకు తావుండదు. అడవిపందులు రాకుండా మక్కచేను చుట్టూ పెట్టే కరెంటు తీగ ఏ జంతువునూ వదలదు. పైగా అలుగు మామూలుగా ఈతకు ఒక్క పిల్లనే కంటుంది, దాన్ని తోక మీద ఎక్కించుకుని తిప్పుతుంది. తల్లిని పట్టుకుపోతే పిల్లా దక్కదు. బోనులో పెంచి సంఖ్య పెంచడమూ తేలిక కాదు. ఒడిశాలోని నందన్‌కానన్ జూ అందుకోసం ప్రత్యేక కేంద్రమే నడపాల్సి వస్తోంది.

అందుకే క్వారీకి అనుమతి ఇచ్చేముందు గుట్ట మీద బొరియలు వెతకాలి, రాత్రిపూట కెమెరాలు పెట్టి చూడాలి. అటవీ శాఖ నిఘా రిజర్వు ఫారెస్టు దాటి ఊరి గుట్టల దాకా రావాలి. ఊళ్లోకి వచ్చిన అలుగును గంప కింద మూసిపెట్టి ఫోటోలు దిగడం మాని, వెంటనే బీట్ ఆఫీసరుకు ఫోన్ చేయాలి. దెబ్బలేమీ లేకపోతే దాన్ని ఆ రాత్రే దగ్గర్లోని గుట్ట మీద వదిలిపెట్టాలి.