ఈ పొత్తులో మన వాటా ఎంత?

పొత్తు సేద్యం అంటే ఏమిటో మన పేటలో చదువురాని ముసలమ్మకూ తెలుసు. ఎవరు ఏం పెట్టారు, ఎవరికి ఎన్ని బస్తాలు వచ్చాయి? కళ్లంలోనే లెక్క తేలుతుంది. ఇప్పుడు ప్రభుత్వాలు ‘పీపీపీ’ అంటున్నాయి. అంటే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం. ఈ పొత్తుకూ ఆ కళ్లం లెక్కే అడుగుదాం.

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం పది కొత్త మెడికల్ కాలేజీలను పీపీపీ పద్ధతికి ఇవ్వాలని తీర్మానించింది. ఆదోని, మార్కాపురం, పార్వతీపురం, అమలాపురం ఆ జాబితాలోవే. అమలాపురం ఉన్నది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో. 2022లో ఆ పేరు పెడతామంటేనే అక్కడ ఇళ్లు తగలబెట్టారు. చివరికి జిల్లాకు పేరు దక్కింది. కాలేజీ మాత్రం ప్రైవేటు జాబితాకెక్కింది.

పాలకులేమంటున్నారు? ఖజానాలో డబ్బు లేదు, ప్రైవేటువాళ్లు తొందరగా కడతారు, ఆస్తి మాత్రం ప్రభుత్వానిదే అంటున్నారు. ఆస్తి కాగితం సర్కారు బీరువాలో ఉంటే మనకు ఒరిగేదేంటి? ప్రొఫెసరును, నర్సును, గుమాస్తాను ఉద్యోగంలో పెట్టుకునేది ఎవరు? రాజ్యాంగంలోని 16(4) అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే. యజమాని మారితే రోస్టరు గేటు బయటే ఆగిపోతుంది. సీట్లలో రిజర్వేషన్‌కు 93వ సవరణ దారి తెరిచిన మాట నిజమే. కానీ లక్షల ఫీజు గుమ్మాన్ని కూలి బిడ్డ ఎట్లా దాటాలి? బైపీసీ తీసుకుంటాం సార్ అనే పిల్లలకు, బడిలో పాఠం చెప్పే మేం ఏం జవాబు చెప్పాలి?

ఇది ఒక్క పార్టీ పాపం కాదు. 2023లో అప్పటి ప్రభుత్వం ఐదు కొత్త సర్కారు కాలేజీల్లో రాష్ట్ర కోటా సీట్లలో సగాన్ని సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్నారై సీట్లుగా చేసింది. ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై సీటుకైతే 20 లక్షలు. వాళ్లు తలుపు తీశారు, వీళ్లు ఇల్లే అప్పజెప్పబోయారు.

పొత్తులో నష్టమొస్తే మోసేదెవరు? హైదరాబాద్ మెట్రోనే చూడండి. 2025లో ఎల్ అండ్ టీ తప్పుకుంటానంటే, సుమారు 13 వేల కోట్ల అప్పును నెత్తికెత్తుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ ప్రభుత్వ సొమ్ములో మన చెమటా ఉంది.

ఆస్పత్రుల్లో ఊడ్చే పని ఎప్పుడో కాంట్రాక్టుకు పోయింది. అక్కడ చీపురు పట్టింది మన అక్కచెల్లెళ్లే. చీపురు దగ్గర మెరిట్ ఎవడూ అడగలేదు. స్టెతస్కోపు దగ్గరే అడుగుతారు!

2025లోనే ఆంధ్రలో ఎస్సీల 15 శాతాన్ని మూడు వాటాలు చేశారు. మనలో మనం వాటా తేల్చుకోవాల్సిందే. కానీ కుండే ఎత్తుకుపోతుంటే గరిటె కోసం కొట్లాడి ఏం లాభం? కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలోనే ఉండాలని బాబాసాహెబ్ 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఊరకే రాయలేదు.

మేం అడిగేవి మూడే. ప్రభుత్వ భూమి మీద ఏది కట్టినా ప్రతి పోస్టుకూ రోస్టరు పాటించాలి. ప్రతి సీటుకూ సర్కారు ఫీజే ఉండాలి. ఒప్పందం పూర్తిగా తెలుగులో జనం ముందు పెట్టాలి. దీనికి ఒప్పుకోనిది పొత్తు కాదు, కబ్జా. పేటపేటనా కూర్చోండి. ఓటుకొచ్చే ప్రతివాణ్ణీ ఈ లెక్క అడగండి.

జై భీమ్!