తెర వెనుకనున్న పొరుగువాడు



పోయిన నెలలో ఒక విశ్వాసి యింట కుటుంబ ప్రార్థనకు వెళ్లితిని. ప్రార్థన ముగిసి టీ గ్లాసులు అందించుచుండగా, ఆ ఇంటి యజమానుడు తన కుమారుని అందరి యెదుటికి పిలిచి, "అయ్యగారూ, వీడికి కాస్త బుద్ధి చెప్పండి. రాత్రి పదకొండు దాటినా ఆ కంప్యూటరు వదలడు. కత్తులు, మంత్రగాళ్లు, రాక్షసులు! ఎవరితో ఆడుతున్నావురా అంటే స్నేహితులతో అంటాడు. వాళ్ల ఊరు తెలీదు, మొహం తెలీదు. అవీ ఒక స్నేహాలేనా?" అనెను. పిల్లవానికి పదిహేడేండ్లుండును. తల వంచుకొని నిలువబడెను. అక్కడ కూర్చున్న పెద్దలలో ఒకరు, "అది సాతాను ఆటండీ, తీసి పొయ్యిలో పెట్టండి" అనిరి. మరియొకరు "ఆమేన్" అనిరి.

నేను ఏమియు అనలేదు. టీ త్రాగి ఇంటికి వచ్చితిని. ఆ మౌనము నాకు రాత్రి నిద్ర పట్టనీయలేదు. ఏలయనగా ఆ గదిలో ఆ పిల్లవానిమీద రెండు నేరములు మోపబడినవి: వాడు సాతానుతో ఆడుచున్నాడనునది ఒకటి, వాని స్నేహితులు స్నేహితులు కారనునది రెండవది. రెండును అబద్ధములే. మొదటి దానిని మనము తెలియక పలుకుచున్నాము. రెండవ దానిని తెలిసికొనుటకు ఇష్టము లేక పలుకుచున్నాము. రెండవదే ఎక్కువ హానికరమని నా అభిప్రాయము.

ముందుగా ఆ ఆట ఏమో చెప్పెదను. దీనిని రోల్ ప్లేయింగ్ ఆట అందురు, అనగా వేషము కట్టి ఆడునది. ఇది 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇద్దరు ప్రచురించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటతో ప్రసిద్ధి కెక్కినది. అప్పుడు కంప్యూటరు లేదు. నలుగురైదుగురు బల్ల చుట్టు కూర్చుండి, ఒకడు యోధుడు, ఒకతె వైద్యురాలు, ఒకడు దొంగ అని పాత్రలు పంచుకొని, పాచికలు వేయుచు, ఒక కథను నోటితో నడుపుదురు. తరువాత ఆ కథ కంప్యూటరు తెరమీదికి వచ్చెను. 2004లో వెలువడిన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అను ఆటలో వేర్వేరు దేశములవారు ఒకే లోకములో ఒకే సమయమున నడువగలరు. ఆ తొలి దినములలో కొన్ని పెద్ద పోరాటములకు 40 మంది కలిసి వెళ్లవలసి యుండెను. కొందరు ముందు నిలిచి దెబ్బలు కాచుకొందురు, కొందరు వెనుక నుండి గాయములు మాన్పుదురు, మిగిలినవారు కొట్టుదురు. గాయములు మాన్పువాడు ఒక్క నిమిషము ఏమరినచో అందరును పడిపోవుదురు. ఆట ఆపిన తరువాత కూడ వారు మాటలాడుకొందురు. ఎక్కడ తప్పినాము, రేపు ఎవరు ముందు నిలువవలెను, ఫలానావాడు ఎందుకు అలిగినాడు అని. మన పందిళ్లలో వంటకు దిగిన యువకుల మాటలు వినుడి, ఇంచుమించు ఇవే.

వేషమే పాపమందురా? మన గుడులలో ప్రతి క్రిస్మసునకు హేరోదు వేషము ఎవరో ఒకరు కట్టవలసినదే గదా! అట్టకత్తి పట్టి, పసిపిల్లలను చంపుడని గద్దించిన ఆ కుర్రవాడు, మరుసటి దినము తన చిన్న తమ్ముని ఎత్తుకొని గుడికి వచ్చుచున్నాడు. వానికి అట్ట ఏదో ఇనుము ఏదో తెలియును. ఆ తేడా పెద్దలమైన మనకే తెలియకపోయెను.

ఇది సాతాను ఆట అను మాట మన ఊళ్లలో పుట్టినది కాదు. అమెరికాలో 1980 ప్రాంతములలో పుట్టినది. 1982లో వర్జీనియా రాష్ట్రములో ఒక బాలుడు ఆత్మహత్య చేసికొనెను. అతని తల్లి ఆ పాపమంతయు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటమీద మోపి, 1983లో దానికి విరోధముగా ఒక సంస్థను స్థాపించెను. 1984లో జాక్ చిక్ అను కరపత్ర రచయిత 'డార్క్ డంజన్స్' అను బొమ్మల కరపత్రమును వేసెను. అందులో ఆట ఆడు ఒక బాలిక, తన పాత్ర చచ్చినందుకు ఉరి వేసికొనును. మరియొక బాలికకు ఆట ద్వారా నిజమైన మంత్రవిద్య నేర్పబడును. చివరకు పుస్తకములన్నియు మంటలో వేయబడును. ఇట్టి మాటలే ప్రసంగములలోనికిని, అక్కడి నుండి లోకమంతటికిని ప్రాకినవి. 1990లో మైకేల్ స్టాక్‌పోల్ అను రచయిత ఆ సంస్థ చూపిన సాక్ష్యములను ఒక్కొక్కటిగా పరీక్షించి, అవి నిలువవని వ్రాసెను. ఆటను ఆడువారి సంఖ్యను లెక్కకు తీసికొన్నచో, అంతమంది యువజనులలో మామూలుగా సంభవించు ఆత్మహత్యలకంటె ఆ పట్టికలోనివి తక్కువే అని చూపెను.

కొడుకును పోగొట్టుకొన్న ఆ తల్లిని నేను నిందింపను. గుండె పగిలినవారు ఏదో ఒక కారణము వెదకుకొందురు. అయితే ఆమె దుఃఖమును తీసికొని, విచారణ లేకుండ ఉపదేశ పీఠము నెక్కించిన బోధకులను నిందింతును. అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఆజ్ఞ మనుష్యుల విషయమే గాని ఆటల విషయము కాదందురేమో. ఆ ఆట ఆడు పిల్లలు మనుష్యులు కారా?

ఇక రెండవ నేరమునకు వచ్చుచున్నాను.

నార్వే దేశములో, ఓస్లోలో, మాట్స్ స్టీన్ అను యువకుడుండెను. 1989లో పుట్టెను. కండరములను క్రమక్రమముగా క్షీణింపజేయు డుషేన్ అను వ్యాధి అతనికుండెను. ఇది పుట్టుకతో వచ్చునది, మగపిల్లలలోనే ఎక్కువ. నడచుచున్న పిల్లవాడు చక్రముల కుర్చీలోనికి వచ్చెను, చేతులు బలహీనమాయెను, తుదకు వ్రేళ్లు మాత్రమే కొద్దిగా కదలెడివి. ఆ వ్రేళ్లతోనే అతడు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడెను. తన జీవితపు చివరి పదేండ్లలో 15,000 నుండి 20,000 గంటలు ఆడెనని లెక్క. దినమునకు నాలుగైదు గంటలన్న మాట. తలిదండ్రులు అతనిని ఎంతో ప్రేమించిరి, సేవ చేసిరి. కాని తలుపు వెనుక ఆ కుర్రవాడు ఒంటరిగా ఉన్నాడనియే తలంచిరి. మన కుమారునికి స్నేహమనగా తెలియదు, ప్రేమ తెలియదు, ఎవరి జీవితములోను వీని గురుతు ఉండదు అని వారి మనోవేదన.

2014 నవంబరులో, 25 ఏండ్ల ప్రాయమున, మాట్స్ చనిపోయెను. అతడు ఇంటర్నెట్టులో తన జీవితమును గూర్చి వ్రాసికొను ఒక చోటు ఉండెను. దాని తాళపుమాట తండ్రికి తెలియును. అక్కడ చదువువారు ఎవరైన ఉందురేమోనని, కుమారుని మరణవార్తను వ్రాసి, క్రింద తన చిరునామా ఉంచెను. ఉత్తరములు రాసాగినవి. ఒకటి, రెండు, పది. పొడుగాటి ఉత్తరములు. వేర్వేరు దేశములనుండి, ఆ తలిదండ్రులు పేరైనను వినని మనుష్యులు, మీ కుమారుడు నాకు ఇట్లు సహాయము చేసెను, నా దుఃఖములో ఇట్లు నాతో మాటలాడెను అని వ్రాసిరి.

ఆటలో అతని పేరు ఇబెలిన్. స్టార్‌లైట్ అను ఒక బృందములో అతడు సభ్యుడు. ఆ బృందమువారు రాక్షసులను కొట్టుటకంటె, తమ తమ పాత్రలుగా సత్రములలో కూర్చుండి మాటలాడుకొనుటకే ఎక్కువ ఇష్టపడెడివారు. నెదర్లాండ్స్ దేశపు ఒక బాలిక, చదువు చెడుచున్నదని తలిదండ్రులు ఆటను మాన్పించగా, స్నేహితులు దూరమై కుమిలిపోయెను. అప్పుడు మాట్స్ ఆమె తలిదండ్రులకు, తాను స్నేహితుడనని చెప్పుకొని, మర్యాదగా, వారి భయమును త్రోసివేయకుండ ఒక ఉత్తరము వ్రాసెను. డెన్మార్కులో ఒక తల్లికి ఆటిజము గల కుమారుడుండెను. ఆ పిల్లవాడు గదిలోనుండి రాడు, తల్లి దగ్గరకు చేరనీయడు. మాట్స్ ఆమెకు, ఆటలోనే అతనిని కలిసికొనుమని సలహా చెప్పెను. తల్లియు కుమారుడును ముందు ఆ తెరమీద కౌగిలించుకొనిరి. తరువాత ఇంటిలో.

మాట్స్ తన వ్యాధిని చాలకాలము ఆ స్నేహితులకు చెప్పనేలేదు. చక్రముల కుర్చీని చూడకమునుపు మనిషిని చూచువారు అతనికి అక్కడ దొరకిరి. మనము వీధిలో వికలాంగుని చూచునప్పుడు ముందు ఏమి చూతుమో ఎవరికి వారే చెప్పుకొనుడి.

భూస్థాపనకు ఐరోపాలోని వేర్వేరు దేశములనుండి ఆ బృందమువారు కొందరు ఓస్లోకు వచ్చిరి. మాట్స్‌ను అప్పటివరకు ఎన్నడును ఎదుట కలిసికొనని వారు, ఒక పెట్టెముందు నిలిచి ఏడ్చిరి. ఈ వృత్తాంతమును 2024లో బెంజమిన్ రీ అను దర్శకుడు 'ద రిమార్కబుల్ లైఫ్ ఆఫ్ ఇబెలిన్' అను చిత్రముగా తీసెను. అవి స్నేహములు కావని ఆ శవపేటిక యెదుట ఎవరైన అనగలరా?

"మాట్స్ రోగి కనుక సరే, మా వాడికి కాళ్లున్నవి గదా, బయటికి పోయి ఆడుకోవచ్చు" అని కొందరు అందురు. నేనును మొదట అట్లే అనుకొంటిని. కాని చూడుడి, ఆ డచ్చి బాలికకు కాళ్లున్నవి. ఆ డేనిష్ పిల్లవానికి కాళ్లున్నవి. స్నేహితుడు కావలసి వచ్చినది కాళ్లున్నవారికే. మన ఊరిలో పదవ తరగతి దాటిన ఆడపిల్లను చీకటిపడిన తరువాత వీధి అరుగుమీద కూర్చుండనిత్తుమా? నత్తివాడని నలుగురు వెక్కిరించు పిల్లవానిని ఏ జట్టులోనైన చేర్చుకొందుమా? తెరమీద టైపు చేయునప్పుడు నత్తి ఉండదు.

ముఖము చూడని స్నేహము స్నేహము కాదందురా? అయితే పౌలును ఏమందురు? కొలొస్సయి సంఘస్థులును లవొదికయవారును అతని ముఖము చూచినవారు కారు. వారి నిమిత్తము తాను పోరాడుచున్నానని చెరలోనుండి వ్రాసెను. నడుమ నున్నది కాగితమే. ఇప్పుడున్నది గాజుపలక.

నేను ఈ ఆటలకు వకాల్తా పుచ్చుకొనలేదు. నిద్ర మాని, చదువు మాని, అన్నము మాని ఆడుట జబ్బే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని 2019లో వ్యాధుల పట్టికలో చేర్చుటకు ఒప్పుకొనెను, 2022 నుండి అది అమలులో ఉన్నది. కాని వారు పెట్టిన గురుతులను గమనింపుడి: ఆటమీద అదుపు తప్పుట, తక్కిన పనులన్నిటికంటె అదే ముఖ్యమగుట, నష్టము కనబడుచున్నను ఆపలేకపోవుట, ఇది సాధారణముగా ఏడాదిపాటు సాగుట. పరీక్షలు ముగిసిన వారము పదకొండు గంటలవరకు ఆడిన పిల్లవానికి ఇది వర్తింపదు. పిల్లల వేషములో మాటలాడు దుర్మార్గులును అక్కడ ఉన్నారు. ఎవరితో ఆడుచున్నావని అడుగవలసినది అందుకే గదా! అడుగుట వేరు, పదిమందిలో నిలువబెట్టి తిట్టుట వేరు.

మరియొక మాట. మన గ్రామములలో డబ్బు పోగొట్టుకొని అప్పులపాలై ప్రాణములు తీసికొన్నవారున్నారు. అది ఫోనులో రమ్మీ, పందెములు ఆడి. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోను చట్టముతో నిషేధించిరి. 2025లో కేంద్ర ప్రభుత్వము దేశమంతటికి చట్టము చేసెను, అందులోను డబ్బు పందెపు ఆటలను వేరుగాను తక్కిన ఆటలను వేరుగాను చూచిరి. ఢిల్లీలో చట్టము చేయువారు చూపిన వివేకమును మన అరుగులమీది పెద్దలు చూపలేరా? రమ్మీని, ఈ కథల ఆటను ఒకే కట్టెతో కొట్టు తండ్రి, రేపు కుమారుడు నిజముగా పందెములలో దిగినప్పుడు చెప్పు మాటకు విలువ ఉండదు. అన్నిటిని సాతాను అనుచున్నాడులే అని పిల్లవాడు నవ్వుకొనును.

మాట్స్ తండ్రి తరువాత చెప్పిన దాని సారము ఇది: మరల ఆ కాలము వచ్చినచో, ఆ ఆటలోకమును గూర్చి తెలిసికొనుటకు మేము ఎక్కువ శ్రద్ధ చూపియుందుము. ఆయన చెడ్డ తండ్రి కాడు, మనలో చాలమందికంటె మంచి తండ్రి. గోడకు అవతల పక్కనే కుమారుడు ఇందరికి ఆప్తుడై యుండెనని ఆయనకు భూస్థాపన ముందు గాని తెలియలేదు.

ఈ శుక్రవారము ఆ యింటికి మరల వెళ్లుచున్నాను. యజమానునికి ముందే కబురు పంపితిని, ఈసారి పెద్దలెవ్వరు వద్దు, టీ కూడ వద్దు అని. నాకు కంప్యూటరు పని రాదు, కండ్లును సరిగా ఆనవు. ఆ పిల్లవాని కుర్చీ ప్రక్కన ఒక స్టూలు వేయించుకొని కూర్చుందును. తండ్రిని కూడ కూర్చుండుమందును. ఆ దినము అందరిలో ఊరకుండినందుకు ముందు పిల్లవానిని క్షమాపణ అడుగవలెను. తరువాత, "బాబూ, ఆటలో నీ పేరేమిటి?" అని అడుగుదును.