విన్యాసాల మోజు, పాత బండ్ల బేరం

మోటార్ సైకిల్ ముందు చక్రాన్ని గాలిలోకి లేపి పరుగెత్తించే విన్యాసాలను సెల్‌ఫోన్ తెరపై చూసి ముచ్చటపడే యువకుడు హైదరాబాద్‌లో ఉన్నా, బస్తర్ కేంద్రమైన జగ్దల్‌పూర్‌లో ఉన్నా ఒకటే. కొత్త బండిని పాడుచేసుకునే స్తోమత లేనివారి చూపు సహజంగానే సెకండ్ హ్యాండ్ బండ్లపై పడుతుంది. హితబోధలతో ఈ మోజు ఆగదు. కనుక బేరంలోని మంచిచెడ్డలు తెలియజెప్పడమే మేలు.

సాధనకు తేలికైన, విడిభాగాలు చవకగా, స్థానికంగా దొరికే బండి చాలు. పేరు చూసి మోసపోరాదు. విన్యాసప్రియులు నేటికీ వెతికే యమహా ఆర్ఎక్స్-100 తయారీ 1996లోనే నిలిచిపోయింది. ప్రైవేటు వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే ముగుస్తుంది. దానిని పునరుద్ధరించని బండి ఎంత చవకైనా ఇనుప సామానుతో సమానమే.

రంగు కంటే ముందు ఛాసిస్‌ను పరీక్షించాలి. హ్యాండిల్ మెడ వద్ద పగుళ్లు, వెల్డింగు అతుకులు, వంగిన ఫోర్కులు కనిపిస్తే వెనుదిరగడం ఉత్తమం. లేచిన ముందు చక్రాన్ని దించేది వెనుక బ్రేకే. అది బలహీనమైతే బండి వెల్లకిలా పడుతుంది. ముందు చక్రం ఎక్కువసేపు పైన ఉంటే ఆయిల్ వెనక్కి జారి పంపుకు అందక, ఇంజన్ లోపలి భాగాలు అరుగుతాయి. ఇంజన్‌లోని వింత శబ్దాలను తేలికగా తీసుకోరాదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. విన్యాసాలతో నలిగిన బండి రంగు పూసుకుని మళ్లీ అంగడికి వస్తుంది. పల్లెల్లో మోటార్ సైకిల్ విలాస వస్తువు కాదు. సంతకు వెళ్లాలన్నా, రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా అనేక కుటుంబాలకు అదే ఆధారం. ఒకరి సరదాకు చిట్లిన ఛాసిస్ మరొకరి ఇంటిల్లిపాదినీ మోయవలసి రావడం శోచనీయం. బండి చరిత్రను దాచకుండా చెప్పడం అమ్మేవారి కనీస ధర్మం.

పత్రాల విషయంలోనూ ఏమరుపాటు తగదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశాల నుంచి వచ్చే బండికి అక్కడి రవాణా కార్యాలయం నిరభ్యంతర పత్రం ఉండాలి. అప్పు తీరినట్లు ఫైనాన్స్ సంస్థ ధ్రువీకరించాలి. ఇంజన్, ఛాసిస్ నంబర్లు పుస్తకంతో సరిపోవాలి. తయారీదారు నిర్దేశించిన రూపును మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. 2019 సవరణల ప్రకారం బహిరంగ రహదారిపై పందేలకు తొలిసారి 5 వేల రూపాయల వరకు జరిమానా, జైలు శిక్ష కూడా తప్పకపోవచ్చు. నేరం చేసింది మైనరైతే సంరక్షకుడికి 25 వేల రూపాయల జరిమానాతోపాటు మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

కేశ్‌కాల్, దర్భా ఘాట్ల మలుపులు సాధనా స్థలాలు కావు. ఆ దారిలో లారీలు, బస్సులు నిత్యం నడుస్తాయి. కోంటా నుంచి జగ్దల్‌పూర్ 150 కిలోమీటర్లకు పైమాటే. తలకు గాయమైన వ్యక్తికి అంత దూరం ప్రాణాంతకం కాగలదు.

దాడులు, జరిమానాలతోనే అధికారులు సరిపెట్టుకోరాదు. జిల్లా కేంద్రాల్లో మూసివున్న మైదానాన్ని నిర్ణీత వేళల్లో కేటాయించి, శిరస్త్రాణం, మోకాలి కవచాలు, శిక్షకుని పర్యవేక్షణ తప్పనిసరి చేయాలి. బండిని ఎంచుకోవడం యువకుల బాధ్యత. సురక్షితమైన చోటు చూపడం ప్రభుత్వ బాధ్యత. ఈ రెంటిలో ఏది లోపించినా మూల్యం చెల్లించేది రహదారిపై నడిచే సామాన్యుడే.