మనవాడికి రెండు ఓట్లుంటే పొరపాటు.. ఎదుటివాడికి ఉంటే నేరం

2025 ఆగస్టు 2న ఆర్జేడీ నేత తేజస్వీ యాదవ్ పట్నాలో విలేకరుల ముందు తన ఓటరు కార్డు నంబరు చూపించి, బిహార్ ముసాయిదా ఓటర్ల జాబితాలో తన పేరే లేదన్నారు. పేరు ఉందని, అయితే వేరే నంబరుతో ఉందని ఎన్నికల సంఘం బదులిచ్చింది. వెంటనే బీజేపీ అందుకుంది. ఒకే మనిషికి రెండు కార్డులు ఉండటం నేరం కాదా అని నిలదీసింది.

ఎనిమిది రోజులు తిరక్కముందే సీను మారింది. బిహార్ ఉప ముఖ్యమంత్రి, బీజేపీ నేత విజయ్ కుమార్ సిన్హా పేరు లఖీసరాయ్‌లోనూ, పట్నాలోని బాంకీపూర్‌లోనూ ఉందని తేజస్వీ బయటపెట్టారు. ఒకచోట పేరు తీసేయమని ఎప్పుడో దరఖాస్తు చేశానని సిన్హా చెప్పారు. సెప్టెంబరు మొదట్లో కాంగ్రెస్ నేత పవన్ ఖేడా వంతు వచ్చింది. ఢిల్లీలో ఆయన పేరు రెండు నియోజకవర్గాల్లో ఉందని బీజేపీ ఆరోపించింది. ఆయన చెప్పిందీ అదే, తీసేయమని ఏళ్ల కిందటే దరఖాస్తు పెట్టానని.

ముగ్గురికీ ఎన్నికల అధికారుల నుంచి నోటీసులు వెళ్లాయి. సిన్హా విషయంలో బీజేపీకి నమ్మదగినదిగా అనిపించిన వివరణ ఖేడా విషయంలో సాకు అయింది. కాంగ్రెస్ వైపు నుంచి చూస్తే సరిగ్గా తిరగబడింది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఒకరి పేరు రెండు చోట్ల ఉండకూడదు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ఇల్లు మారినప్పుడు పాత పేరు మిగిలిపోవడం వేరు, అబద్ధం చెప్పి రెండో పేరు ఎక్కించుకోవడం వేరు. ఈ తేడా చట్టంలో ఉంది కానీ పార్టీల ప్రెస్ మీట్లలో లేదు.

లెక్క ఒకటే, ముగింపులు వేరు

అదే ఆగస్టు 7న రాహుల్ గాంధీ బెంగళూరులోని మహదేవపుర అసెంబ్లీ సెగ్మెంట్ జాబితాను ముందు పెట్టారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ 1,00,250 ఓట్లు అనుమానాస్పదమని ఆరోపించారు. డూప్లికేట్లు, లేని చిరునామాలు, ఒకే ఇంట్లో పదుల కొద్దీ ఓటర్లు, సరిపోలని ఫొటోలు, కొత్త ఓటర్లకు ఉద్దేశించిన ఫారం-6 దుర్వినియోగం.. ఇలా విభాగాలు చెప్పారు. బెంగళూరు సెంట్రల్ స్థానంలో బీజేపీ మెజారిటీ 32,707 మాత్రమే.

వారం తిరగకుండా బీజేపీ ఎంపీ అనురాగ్ ఠాకూర్ అదే పద్ధతిలో మరో జాబితా చదివారు. రాయ్‌బరేలీ, వయనాడ్, డైమండ్ హార్బర్, కన్నౌజ్.. అన్నీ ప్రతిపక్ష ప్రముఖులు గెలిచిన స్థానాలే. అంతవరకూ జాబితాల్లో తప్పుల్లేవన్నట్టు మాట్లాడిన పార్టీ, తాను ఓడిన చోట మాత్రం తప్పులు ఉన్నాయంది. ఇద్దరి లెక్కలూ నిజమైతే తేలేది ఒక్కటే. రోగం ఒక నియోజకవర్గానిది కాదు, మొత్తం జాబితాది. ఆ మాట అనడానికి మాత్రం ఇరుపక్షాలూ సిద్ధంగా లేవు.

సొంత పార్టీలో అన్నవారికి ఏమైందో కర్ణాటక చూపించింది. ఆ జాబితా తయారైనప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్నది తమ ప్రభుత్వమేనని, అప్పుడెందుకు చూసుకోలేదని మంత్రి కె.ఎన్. రాజణ్ణ ప్రశ్నించారు. ఆగస్టు 11న ఆయన మంత్రి పదవి పోయింది.

ఇరవై ఏళ్లలో తిరగబడ్డ మాట

2005 ఆగస్టు 4న లోక్‌సభలో మమతా బెనర్జీ కాగితాలు స్పీకర్ స్థానం వైపు విసిరారు. బెంగాల్ ఓటర్ల జాబితాలో చొరబాటుదారులు ఉన్నారని, చర్చకు అనుమతించడం లేదని ఆమె ఆగ్రహం. అప్పుడు రాష్ట్రంలో వామపక్ష ప్రభుత్వం. 2025లో ఎన్నికల సంఘం ప్రత్యేక సమగ్ర సవరణ (ఎస్ఐఆర్) తెచ్చినప్పుడు, అసలైన ఓటర్లను తీసేసే కుట్ర అని గట్టిగా వ్యతిరేకించిన వారిలో ఆమె ముందున్నారు. మధ్యలో మారింది ఆమె కూర్చున్న కుర్చీ.

బీజేపీదీ అదే కథ. బిహార్, బెంగాల్‌లలో జాబితాలోంచి పోయేవారంటే చొరబాటుదారులే అన్నట్టు ప్రచారం చేసింది. బిహార్ ముసాయిదాలో పోయిన 65 లక్షల పేర్లకు ఎన్నికల సంఘం చెప్పిన కారణాలు మాత్రం మరణం, వలస, చిరునామాలో కనిపించకపోవడం, రెండుచోట్ల నమోదు. సవరణ ఉత్తరప్రదేశ్‌కు వచ్చేసరికి స్వరం మారింది. జాబితాకు ఎక్కకుండా పోతున్న వారిలో అత్యధికులు మన ఓటర్లేనని 2025 డిసెంబరులో ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ సొంత కార్యకర్తలను హెచ్చరించారు. 2026 జనవరిలో వచ్చిన అక్కడి ముసాయిదాలో 2.89 కోట్ల పేర్లు లేవు.

తెలుగు రాష్ట్రాల్లో కుర్చీలాట

ఈ ఆటలో ఆంధ్రప్రదేశ్‌ది పాత అనుభవమే. 2019 ఎన్నికల ముందు టీడీపీ అధికారంలో ఉంది. జాబితాలో 59 లక్షల బోగస్, డూప్లికేట్ ఓట్లు ఉన్నాయని ప్రతిపక్ష నేత జగన్ కేంద్ర ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశారు. పేర్లు తొలగించమని కోరే ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. దొంగ ఓట్ల ఏరివేత అని వైసీపీ, తమ ఓటర్లను లేపేసే కుట్ర అని టీడీపీ.

నాలుగేళ్లకు పాత్రలు మారాయి. 2023 ఆగస్టు 28న చంద్రబాబు, వైసీపీ ప్రతినిధులు ఒకే రోజు ఢిల్లీలో ఎన్నికల సంఘాన్ని కలిశారు. వైసీపీ ప్రభుత్వం దొంగ ఓట్లు చేర్పించిందని ఒకరు, టీడీపీ హయాంలోనే చేర్చారని మరొకరు. అనంతపురం జిల్లా ఉరవకొండలో ఓట్ల తొలగింపుపై అధికారులు సస్పెండ్ అయ్యారు కాబట్టి ఆరోపణలన్నీ గాలి కబుర్లు కావని తేలింది. కానీ చర్చ అధికారుల జవాబుదారీతనం దాకా వెళ్లలేదు.

తెలంగాణలో 2025 నవంబరు జూబ్లీహిల్స్ ఉపఎన్నిక ముందు, దేశమంతా కాంగ్రెస్ చెబుతున్న 'ఓట్ చోరీ' మాటనే బీఆర్ఎస్ ఆ పార్టీ మీదికి తిప్పింది. ఒకే చిరునామాలో 43 ఓట్లు ఉన్నాయని కేటీఆర్ చూపించారు. అది అపార్ట్‌మెంట్ అని, ఆ ఓటర్లు ముందు నుంచీ ఉన్నవారేనని అధికారులు వివరణ ఇచ్చారు. మహదేవపురలో ఒకే చిరునామా ఓటర్లను రుజువుగా చూపిన కాంగ్రెస్‌కు హైదరాబాద్‌లో అధికారుల వివరణ సరిపోయింది.

ఈ వరుసలో ఒక మినహాయింపు చెప్పుకోవాలి. కేంద్రంలో ఎన్డీయే భాగస్వామిగా ఉండి కూడా, ఎస్ఐఆర్‌ను పౌరసత్వ తనిఖీతో ముడిపెట్టొద్దని, పెద్ద ఎన్నికలకు ఆరు నెలల లోపు చేపట్టొద్దని టీడీపీ 2025 జులైలో ఎన్నికల సంఘానికి లేఖ రాసింది. పొత్తులో ఉన్నా మాట అనొచ్చని అది రుజువు.

అంపైర్ కొలబద్ద

ఎన్నికల సంఘం మీదా ఇదే ప్రశ్న ఉంది. ఏడు రోజుల్లో ప్రమాణపత్రం ఇవ్వాలని, లేదంటే దేశానికి క్షమాపణ చెప్పాలని ఆగస్టు 17న ప్రధాన ఎన్నికల కమిషనర్ జ్ఞానేశ్ కుమార్ రాహుల్‌ను ఉద్దేశించి అన్నారు. అలాంటి ఆరోపణలే చేసిన ఠాకూర్‌ను ఎందుకు అడగలేదన్న ప్రతిపక్షాల ప్రశ్న న్యాయమైనదే. కర్ణాటకలోని ఆళందలో తొలగింపు కోసం ఆన్‌లైన్‌లో వచ్చిన 6,018 దరఖాస్తుల్లో 24 మాత్రమే సరైనవని అధికారుల విచారణలోనే తేలింది. 2023లోనే కేసు పెట్టారు. అవి ఎవరు పంపారో తేల్చడానికి ప్రమాణపత్రాలతో పనిలేదు.

పార్టీల రెండు నాల్కల ధోరణి ఆరోపణలను అబద్ధం చేయదు. చెప్పేవాడి చరిత్ర ఏదైనా మహదేవపుర, ఆళంద జవాబు కోరుతున్నాయి. అయితే ఆ ధోరణి వల్ల జరిగే నష్టం వేరే ఉంది. ప్రతి ఫిర్యాదూ ఏదో ఒక పార్టీ ఖాతాలో పడిపోయి, తప్పు చేసిన యంత్రాంగం మధ్యలోంచి జారిపోతుంది.

ఆ నష్టం మోసేది నాయకులు కాదు. తేజస్వీ పేరు గల్లంతైందంటే గంటల్లో వివరణ వచ్చింది. బిహార్‌లో పోయిన 65 లక్షల మంది పేర్లు, కారణాలు ప్రచురించడానికి మాత్రం ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఆధార్‌ను గుర్తింపు పత్రంగా తీసుకోవడానికి సెప్టెంబరు 8న మరో ఆదేశం కావాల్సి వచ్చింది. ఇంకో మాట కూడా కోర్టులోనే బయటపడింది. పార్టీలకు క్షేత్రస్థాయిలో 1.6 లక్షల మంది బూత్ ఏజెంట్లు ఉన్నారు. ఆగస్టు 22 నాటికి వారి తరఫున వచ్చిన అభ్యంతరాలు రెండే. ధర్మాసనం ఆశ్చర్యపోయింది.

వలస వెళ్లిన కూలీ, పెళ్లయి ఊరు మారిన ఆడపడుచు, పేరు ఒక అక్షరం తేడాగా పడిన ముసలాయన.. వీళ్లకు ప్రెస్ మీట్ పెట్టేవాళ్లు లేరు. పోలింగ్ రోజు బూత్ దగ్గరికి వెళ్లాకే వాళ్లకు సంగతి తెలుస్తుంది.

దొంగ ఓట్ల గురించి ఏ పార్టీ మాట్లాడినా ఓటరు వేయదగిన ప్రశ్నలు మూడు. తాను గెలిచిన నియోజకవర్గంలోనూ ఇదే లెక్క తీయమంటుందా? తన కార్యకర్తలు తప్పుడు ఫారం-7లు పెడితే వారి మీదా కేసు కోరుతుందా? అధికారంలోకి వచ్చాక కూడా ఇదే మాట మీద ఉంటుందా? మూడింటికీ అవునని చెప్పగల పార్టీ మాటనే ఓటరు కోసం అన్నదిగా నమ్మొచ్చు.