వ్యాయామం వేరు, చంక్రమణం వేరు

విదేశాలలోని పిల్లల ఇళ్లకు వెళ్లి, ఆరునెలలుండి, మోకాళ్ల నొప్పులతో తిరిగి వచ్చిన పెద్దలను నేను తరచుగా చూస్తున్నాను. కొందరు అచ్చట ఇల్లు కదలనివారు. కొందరు శక్తికి మించి నడిచినవారు. ఈ రెండవ వర్గాన్ని గూర్చియే నేడు నా మనవి.

అమెరికాలో వాషింగ్టన్ నగరానికి చేరువగా, వర్జీనియా రాష్ట్రంలో 'వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమీనియన్' అనే బాట ఉన్నది. 1859 నుండి 1968 వరకు అది రైలు దారి. రైలు ఆగిన పిమ్మట ఆ దారినే నడకకు, సైకిళ్లకు తారు బాటగా మలచినారు. షర్లింగ్టన్ నుండి పర్సెల్‌విల్ వరకు 45 మైళ్లు, అనగా సుమారు 72 కిలోమీటర్లు. అందులో 32 మైళ్ల మేర ప్రక్కనే గుర్రాల కొరకు కంకర బాట కూడ కలదు. హెర్న్‌డన్, యాష్‌బర్న్‌ల మీదుగా సాగుటచేత అచ్చటి మన తెలుగువారికి ఇది బాగుగా పరిచితం. మా కుమార్తె ఇంట ఉన్నన్నాళ్లు నేనును ప్రతి ఉదయం దానిపై నడిచినాను. పూర్వపు రైలు దారి కనుక నిటారైన ఎత్తుపల్లాలు లేవు. వృద్ధుల కీళ్లకు అది మేలు.

ఒకే బాటపై సైకిలు మీద బాణంవలె దూసుకుపోయే యువకుడు, పరుగుతీసే స్త్రీ, చీరపై స్వెట్టరు తొడిగిన మన అమ్మమ్మ! యువకుడు చేయునది వ్యాయామం. దానిని బలవంతులు, స్నిగ్ధాహారం భుజించేవారు, శీతకాల వసంతాలలో, అదియు అర్ధశక్తి మేరకే చేయవలెనని వాగ్భటుడు చెప్పినాడు. వృద్ధులను, అజీర్ణం గలవారిని మానుమన్నాడు. అట్లని వృద్ధులు సోఫాలో కూర్చుండవలెనా? అక్కరలేదు. దేహాన్ని మిక్కిలి బాధించని నడక ఆయువును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని పెంచునని సుశ్రుతుని మాట. అదియే చంక్రమణం. అమ్మమ్మకు కావలసినది ఇదియే.

కాని జరుగుచున్నదేమి? కుమారుడు తండ్రి మణికట్టుకు వాచీ కట్టి, దినానికి 10,000 అడుగులు పూర్తి చేయుమంటాడు. ఆ సంఖ్య వైద్యగ్రంథాలలో పుట్టినది కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగులు లెక్కించే పరికరం పేరు నుండి ప్రచారమైనది. డెబ్బది ఏండ్లవానికి, ముప్పది ఏండ్లవానికి ఒకే లెక్క ఎట్లు సరిపోవును? శాస్త్రం చెప్పిన కొలత మన దేహంలోనే ఉన్నది. నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టి, నోరెండి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినదా, అర్ధశక్తి తీరినదని అర్థం. చలిదేశంలో చెమట త్వరగా కనబడదు కనుక ఊపిరినే గమనించవలెను. మా గురువుగారు రోగి నాడి పట్టకముందే, అతడు వాకిలి నుండి నడిచివచ్చే తీరును, ఊపిరిని పరికించేవారు. నడకలో గుండెపట్టు, తలతిరుగుడు కలిగినచో వెంటనే ఆగి వైద్యుని చూడవలెను.

మరియొక ప్రమాదం కలదు. వెనుక నుండి వచ్చే సైకిలువారు 'ఆన్ యువర్ లెఫ్ట్' అని కేక వేస్తారు. ఎడమ ప్రక్కగా దాటుచున్నామని దాని భావం. మనవారు పుట్టినది మొదలు రోడ్డుకు ఎడమనే నడిచినవారు. ఆ కేక విని సరిగ్గా సైకిలుకు ఎదురుగా ఎడమకే జరుగుతారు! చెవులకు దళసరి మఫ్లరు చుట్టినచో కేకయే వినబడదు. చలిగాలి చెవిలో దూరి వాతం ప్రకోపించునన్న భయం సరియైనదే. పలుచని నూలుగుడ్డ చాలు. నలుగురు వరుసగా బాట నిండ నడచుట మానవలెను. ఇద్దరు చాలు, కుడి అంచున. వృద్ధాప్యంలో తుంటి ఎముక విరిగినచో కలిగే కష్టం నేను వ్రాయనక్కరలేదు.

ఇంత చెప్పినను, జంకవలసినది వృద్ధులు కాదు. వేగంగా పోయేవాడే నెమ్మదించవలెనని నా నిశ్చితాభిప్రాయం. ఆ బాట అతనిదెంతయో అమ్మమ్మదియు అంతే. తనవల్ల ఇతరులకు ఆటంకమని ఒక పెద్దావిడ నడకయే మానుకొన్నదని విని నేను బాధపడినాను.

శీతకాలంలో నడకకు ముందు మోకాళ్లకు గోరువెచ్చని నువ్వుల నూనె మర్దించుట మంచిది. అరికాళ్ల నూనె మాత్రం పొడిగుడ్డతో తుడిచిన పిమ్మటనే బూట్లు తొడుగవలెను.